పెరటిలో మోటారు పడవ



అమెరికాలో సామాన్య గృహస్థులు పెరటిలోనే మోటారు పడవలు కట్టుకొనగలుగుటకు ఒక జిగురు ముఖ్య కారణము. పూర్వము ప్లైవుడ్డు నీటిలో నానిన పొరలు పొరలుగా విడిపోయెడిది. 1934లో వాషింగ్టన్ రాష్ట్రమందలి అబర్డీన్‌లో జేమ్స్ నెవిన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీటికి లొంగని జిగురును సిద్ధపరచెను. 1953లో గ్లెన్ విట్ అనునతడు కాలిఫోర్నియాలో సంస్థను నెలకొల్పి, ఇంట పడవ కట్టుకొనువారికి నమూనా పటములు అమ్మసాగెను.

ప్లైవుడ్డు పలక కాగితము వంటిది. ఒక దిశకు వంగును. అదే చోట రెండవ దిశకు వంచబోయిన విరుగును. కావుననే ఇట్టి పడవల అడుగు కుండవలె గుండ్రముగా నుండక, ప్రక్కలతో కలియుచోట అంచు తేలియుండును. అది పనివాని చేతకానితనము కాదు. చట్రమును బోర్లించి నిలిపి, పలకలు బిగించి, పిదప పదిమంది పట్టి వెల్లకిల త్రిప్పుదురు. పడవను కొట్టములో కట్టువారు మున్ముందుగా ద్వారపు వెడల్పు కొలుచుకొనుట మేలు!

ఇంజను పడవలోపలనే యున్నచో వేరొక గండము కలదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది అడుగున చేరి నిలుచును. ఒక్క నిప్పురవ్వ తగిలిన పడవ ప్రేలును. అందుచే ఇంజను త్రిప్పుటకు ముందు పంకాతో ఆ ఆవిరిని వెడలగొట్టి, వాసన చూచి, పిమ్మటనే మీట నొక్కవలెను. వార్నీషు మెరుపునకు మురిసి ఈ పంకాను మరచువారును కలరు.