ఎగుమతి దిగుమతుల ధరలును రైతు లాభనష్టములును

(రైతుల సమావేశమునందు చదువబడిన ఉపన్యాసము)



పంటను పండించు విధములను గూర్చి వ్యవసాయ శాఖవారు పలుమారు తెలిపియున్నారు. పండిన పంటకు ధర ఎచ్చట ఏర్పడుచున్నదో, ఆ ధర హెచ్చుతగ్గులవలన దేశమునకును రైతునకును కలుగు ఫలితములెవ్వియో తెలుపుటయే ఈ యుపన్యాసము యొక్క ఉద్దేశము.

జొన్నలు, సజ్జలు పండించు రైతు తన పంటను తన యింటనే అనుభవింపవచ్చును. ప్రత్తి, ఆముదములు, వేరుసెనగ పండించు రైతు స్థితి అట్టిది కాదు. అతని పంట సంతనుండి రేవునకును, రేవునుండి సముద్రముల కావలికిని పోవచ్చును. సంతలో దల్లాలి చెప్పు ధర దల్లాలి కల్పించినది కాదు. దూరదేశపు మిల్లులకు ఎంత సరకు కావలసియున్నది, ఇతర దేశములనుండి ఎంత సరకు వచ్చినది అను దానినిబట్టి అది యేర్పడును.

ధర హెచ్చినదనగానే రైతు సంతసించుట సహజము. కాని రూపాయలు తినుటకును కట్టుటకును పనికిరావు. వానితో కొనబడు వస్తువులే పనికివచ్చును. కావున అమ్మిన సరకు ధరను, కొన్న సరకు ధరను జతపరచి చూడవలయును. దృష్టాంతముగా, ఒక రైతు బస్తా వేరుసెనగను 20 రూపాయలకు అమ్మి, జత 5 రూపాయల చొప్పున 4 జతల ధోవతులు కొనుచుండెననుకొనుడు. మరుసటి యేట వేరుసెనగ బస్తా 10 రూపాయలకు దిగినది. ధోవతుల జత 4 రూపాయలకు మాత్రమే తగ్గినది. రెండును చౌకయైనవి కదా యని పైకి తోచును. కాని ఇప్పుడు ఆ బస్తాకు వచ్చునవి రెండున్నర జతలే. శిస్తు 20 రూపాయలైనచో, మునుపు ఒక బస్తాతో తీరినది ఇప్పుడు రెండు బస్తాలు కోరును. సాహుకారు బాకీయు అట్లే. రైతు చేసిన సేద్యము తగ్గలేదు, వాన తగ్గలేదు, పంట తగ్గలేదు; అయినను అతడు బీదవాడయ్యెను.

దేశము విషయమునను లెక్క ఇదియే. పంపిన సరకుల ధరకును తెప్పించిన సరకుల ధరకును గల ఈ సంబంధమును అర్థశాస్త్రజ్ఞులు వినిమయ నిష్పత్తి యందురు. ఇది అనుకూలమైనప్పుడు కొలది సరకు పంపి ఎక్కువ సరకు తెచ్చుకొనవచ్చును. ప్రతికూలమైనప్పుడు ఎక్కువ పంపి కొలదిగా తెచ్చుకొనవలసివచ్చును.

దీనికి చరిత్రలో ప్రసిద్ధమైన సాక్ష్యము ప్రత్తి. 1861 సంవత్సరమున అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము సంభవించెను. ఉత్తరమువారి నౌకాదళము దక్షిణపు రేవులను మూసివేయుటచేత ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు ప్రత్తి అందకపోయెను. ఆ మిల్లులవారు హిందూదేశపు ప్రత్తిని కోరిరి. బొంబాయిలో ప్రత్తి ధర మూడింతలకు పైగా పెరిగెను. బీరారు, ధార్వాడ, ఖాందేశ ప్రాంతములలో రైతులు తిండిగింజల చేలనుసైతము ప్రత్తికి మార్చిరి. ఆంధ్రదేశమున కాకినాడ రేవునుండియు ప్రత్తి ఎగుమతి హెచ్చెను. సాహుకార్లు అడిగినవారికెల్ల అప్పులిచ్చిరి. బొంబాయి వర్తకులు కొత్త కంపెనీలు పెట్టి వాటాలు అమ్మిరి.

1865 ఏప్రిలులో యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర పడిపోయెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీనాటికి బొంబాయి వాటాల వ్యాపారము కూలిపోయెను; అనేక కంపెనీలు మూతపడెను. వర్తకుల నష్టము ఆ యేటనే తెలిసినది; రైతుల నష్టము మెల్లమెల్లగా తెలిసినది. ధర దిగినను, హెచ్చు ధరల కాలమున వ్రాసియిచ్చిన పత్రములలోని బాకీ దిగలేదు. అంతేకాక 1867 మొదలు కొన్ని తాలూకాలలో శిస్తు హెచ్చింపబడెను. ఇచ్చిన అప్పులు రావేమోయని సాహుకార్లు కొత్త అప్పులు మానివేసి, పాతవానికై కోర్టుల కెక్కిరి. భూములు చేతులు మారెను. తుదకు 1875 మే 12వ తేదీన పూనా జిల్లా సూపా గ్రామమున రైతులు సాహుకార్లపై తిరుగబడి పత్రములను కాల్చివేసిరి. ఈ అలజడి అహమ్మదునగరు జిల్లాకును వ్యాపించెను. విచారణ సంఘము నియమింపబడి, 1879 సంవత్సరమున దక్కను వ్యవసాయదారుల రక్షణ చట్టము చేయబడెను. అమెరికాలో పుట్టిన యుద్ధము దక్కను పల్లెలలో పదునాలుగు సంవత్సరముల వరకు తన ఫలితమును చూపెను.

రెండవ సాక్ష్యము 1929 సంవత్సరమున ఆరంభమైన ఆర్థికమాంద్యము. 1928కిని 1934కిని నడుమ హిందూదేశపు ఎగుమతులును దిగుమతులును రమారమి సగమైనవి. గోధుమల ధర సగమునకు పడినది. శిస్తుగాని, వడ్డీగాని ఆ రీతిగా తగ్గలేదు. రైతు కుటుంబములు నగలను అమ్మి బాకీలు కట్టినవి. ఆ బంగారము ఓడలలో విదేశములకు పోయెను. అదే సమయమున బర్మా, సయాము దేశముల చౌక బియ్యము మద్రాసు రాజధానికి వచ్చుటచేత గోదావరి, కృష్ణా డెల్టాల వరిరైతునకు స్వంత సంతలోనే ధర లేకపోయెను. ఎగుమతి చేయని రైతునుగూడ దిగుమతి ధర బాధించునని దీనివలన తెలియుచున్నది. 1935 సంవత్సరమున విదేశపు నూకలపై సుంకము విధింపబడినది. 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణభారమును తగ్గించుటకై చట్టము చేసినది.

నాణెపు మారకపు రేటును రైతుకు సంబంధించినదే. 1927 సంవత్సరమున రూపాయి విలువ ఒక షిల్లింగు 6 పెన్నీలుగా నిర్ణయింపబడెను. ఒక షిల్లింగు 4 పెన్నీలే తగునని దేశీయ వర్తకులనేకులు వాదించిరి. ఈ 2 పెన్నీల భేదముతో పల్లె రైతునకు పనియేమని తోచవచ్చును. లండనులో ఒక పౌనుకు అమ్ముడుపోయిన సరకునకు 4 పెన్నీల లెక్కను 15 రూపాయలు వచ్చును. 6 పెన్నీల లెక్కను 13 రూపాయల 5 అణాల 4 పైలు మాత్రమే వచ్చును. లండను ధర మారకయే రైతు చేతికి వచ్చునది తగ్గినది. విదేశపు గుడ్డలు కొనువారికి మాత్రము అదే రేటు చౌకను కలిగించినది. ఒకే రేటు అమ్మువానికి నష్టమును, కొనువానికి లాభమును చేయుననుట గమనింపదగినది.

స్వతంత్ర ప్రభుత్వమునకైనను ఈ లెక్క తప్పదు. 1973 సంవత్సరాంతమున రాతినూనె పీపా ధర సుమారు 3 డాలర్లనుండి కొలది నెలలలో సుమారు 12 డాలర్లకు పెరిగినప్పుడు, అదే నూనెకు ఎన్నోరెట్లు సరకు పంపవలసివచ్చెను. 1990లో ఇరాకు కువాయటును ఆక్రమించుటచేత నూనె ధర మరల పెరిగెను. 1991 జూన్ నాటికి భారతదేశము వద్దనున్న విదేశీ ద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రమే సరిపోవునట్లుండెను. బంగారము విదేశపు బ్యాంకులలో కుదువ పెట్టబడెను. ఆ జూలైలో రూపాయి విలువ తగ్గింపబడెను. నగలు కుదువపెట్టిన రైతునకును బంగారము కుదువపెట్టిన దేశమునకును కష్టము ఒకే మార్గమున వచ్చినది.

ఇక రైతు చేయదగినదేమి? ప్రపంచపు ధరలను ఒక పట్టాదారు మార్పజాలడు. కాని ఆ ధరలు తన భూమిని తినివేయకుండ కాచుకొనవచ్చును.

మొదటిది: హెచ్చు ధర వచ్చిన యేడు పాత బాకీ తీర్చుటకు తగిన సమయము, కొత్త బాకీ చేయుటకు కాదు. ధర మారును, పత్రము మారదు.

రెండవది: ఖుష్కీ భూమినంతయు ఒకే అమ్మకపు పంటకు విడువరాదు. ఇంటి యేటి గ్రాసమునకును పశువుల మేతకును చాలినంత భూమిని ముందుగా తీసి, మిగిలినదానినే సంతకు వదలవలెను. సంత పడిపోయిన యేట గాదెలోని జొన్నలకు ధర తగ్గినను ఆకలి తీర్చు శక్తి తగ్గదు.

మూడవది: సరకును మట్టి, తాలు లేకుండ శుభ్రపరచి, సహకార సంఘముల ద్వారా పలువురు కలిసి అమ్మవలెను. కిస్తు గడువునకు తొందరపడి ఒంటరిగా అమ్మువానికే హీనమైన ధర దొరకును.

నాల్గవది: "బస్తా ఎంతకు పోయినది?" అని మాత్రమే గాక, "ఆ బస్తాకు ఎంత గుడ్డ, ఎంత ఉప్పు, ఎంత శిస్తు వచ్చినది?" అని ప్రతి సంవత్సరమును లెక్క వ్రాసికొనవలెను. అయిదారేండ్లు ఈ లెక్క వ్రాసిన రైతునకు ఏ పంట నిజముగా లాభించినదో ఇతరులు చెప్పనక్కరలేదు.

ధర ఎచ్చటనో సముద్రములకావల పుట్టవచ్చును. భూమి మాత్రము ఇచ్చటనే యున్నది. మంచి యేట జాగ్రత్తపడిన రైతు చెడ్డయేట దానిని నిలుపుకొనును.