వంత పాడటమంటే

(పింఛనుదారుల దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. "పాటల గురించి, సంస్కృతి గురించి మాట్లాడండి గురువుగారూ, రాజకీయాలు మాత్రం వద్దు" అన్నారు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. మన సంఘంలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. అందుకని ఏ పార్టీ పేరూ ఎత్తను. కాని రాజకీయం లేకుండా పాట గురించి మాట్లాడటం ఎలాగో నాకు చేతకాదు. ఎందుకు చేతకాదో చెప్పడమే ఈనాటి నా ప్రసంగం.

నేను 1971లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి 2006లో పదవీ విరమణ చేశాను. నా భావాలు ఎడమ వైపువని మీలో చాలామందికి తెలుసు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వినడం కూడా నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. "ఎర్ర జెండా పట్టుకునే మనిషివి, త్యాగరాజ కీర్తన వింటే కళ్లు మూసుకుంటావేమయ్యా?" అని సెక్షనులో మిత్రులు ఆటపట్టించేవారు. యూనియను మిత్రులేమో "అది జమీందార్ల సంగీతం, మనకెందుకు?" అనేవారు. ఇద్దరికీ నా సమాధానం ఒక్కటే. పాట ఎవరి ఇంట పుట్టిందని నేను అడగను. దాని గుమ్మం ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది అని అడుగుతాను.

ఈ ప్రశ్న అడగడం నాకు పుస్తకాలు నేర్పలేదు, బుర్రకథ నేర్పింది. మీరంతా చూసినవారే. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం. రెండోవారిది ఏమిటో గుర్తుందా? రాజకీయం! కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, బొబ్బిలి యుద్ధమే కావచ్చు. నాగమ్మ, బ్రహ్మనాయుడు మంచి పట్టులో ఉండగా రాజకీయ వంత కథ ఆపుతాడు. మన ఊరి రేషను బియ్యం మాటో, కౌలు మాటో, లంచం మాటో ఎత్తుతాడు. జనం గొల్లుమంటారు. కథకుడు దానికి జవాబు చెప్పాకే కథ ముందుకు సాగుతుంది. రాజకీయం కోసమని ఒక మనిషిని వేదిక మీద నిలబెట్టుకున్న కళ మనది. అటువంటప్పుడు రాజకీయాలు లేని సంస్కృతి గురించి మాట్లాడమంటే నేను ఏం మాట్లాడేది?

విచిత్రమేమిటంటే, మన భాషలో "వంత పాడటం" అనే మాటకు చెడ్డ అర్థం వచ్చింది. పెద్దమనిషి ఏమన్నా తల ఊపేవాణ్ణి వంత పాడుతున్నాడంటాం. అసలు వంత చేసే పని అది కాదు. కథకుడి గొంతు కలిసి రావలసినచోట కలుపుతాడు, అడగవలసినచోట ఆపి అడుగుతాడు. ఈ రెండో పని మరిచిపోయి మొదటిదే మిగుల్చుకున్నాం.

ఆ రెండో పనిని నేల మీదికి తెచ్చినవారిని ఒకసారి తలచుకోవాలి. ప్రజానాట్యమండలి 1943లో పుట్టింది. జంగం కథగా ఉన్నదాన్ని ఆనాటి యువకులు కరువు గురించీ, యుద్ధం గురించీ, కౌలు రైతు గురించీ చెప్పే కథగా మలిచారు. మోటూరు ఉదయం వంటి స్త్రీలు బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. ఆడపిల్ల గజ్జె కట్టి వేదిక ఎక్కడమే తప్పన్న రోజులవి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల "మా భూమి" నాటకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకానికి అంత భయపడ్డారంటే, అది ఎవరికో తగలవలసినచోట తగిలిందన్నమాట.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు పితామహుడయ్యారు. తన జీవిత కథకు "పింజారి" అని పేరు పెట్టుకున్నారు. లోకం చిన్నచూపు చూసిన మాటనే తలపాగాలా చుట్టుకున్నారాయన. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. ఆయన శాస్త్రీయ సంగీతం కూడా నేర్చినవారేనని మన యూనియను మిత్రులు గుర్తుంచుకోవాలి. రాగం ఆయనకు పరాయిది కాలేదు.

ఇక త్యాగరాజస్వామి దగ్గరికి వద్దాం. తిరువయ్యూరులో ఆయన సమాధి శిథిలమై ఉంటే, సొంత సంపాదన ధారపోసి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె దేవదాసి. గుడి ఆమె కట్టించినదైనా, ఆరాధనలో పాడే హక్కు మాత్రం స్త్రీలకు లేదన్నారు! ఆమె ఊరుకోలేదు. 1920ల చివరలో స్త్రీలతో వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. చివరికి 1940 ప్రాంతాల్లో వర్గాలన్నీ ఒక్కటై స్త్రీలూ పురుషులూ ఒకేచోట పాడే ఏర్పాటు వచ్చింది. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించినదీ ఈమే. దాన్ని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ఆమె చేతిలో జెండా లేదు, నోట నినాదం లేదు. చేసిన పని మాత్రం మన ఉద్యమాలు చేసే పనే. అందుకే కీర్తన వింటూ నేను కళ్లు మూసుకోవడంలో నా భావాలకు వచ్చిన నష్టమేమీ లేదు.

దగ్గరి కాలపు మాట ఒకటి. గద్దర్ కొంతకాలం మనలాగే ఉద్యోగి, బ్యాంకులో పనిచేశారు. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగాయి. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఇప్పుడు తెలంగాణలో సినిమా అవార్డులు ఆయన పేరుమీదనే ఇస్తున్నారు. గౌరవించడం మంచిదే. కాని గాయకుడికి శాలువా కప్పడం తేలిక, పాట అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. శాలువా వెచ్చగా ఉంటే ప్రశ్న నిద్రపోతుంది. ఏ పార్టీ రాజ్యంలోనైనా ఇదే వరస.

ఇంతకీ ఈ బుర్రకథా, కీర్తనా మన పింఛను సభకు ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాను.

మనం డిసెంబరు 17ను పండుగ చేసుకుంటున్నాం. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పింఛను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అంది. ఇంకో మాట కూడా అంది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాతివారికి ఒక లెక్క అంటూ ఒక తేదీతో పింఛనుదారులను రెండు ముక్కలు చేయడం సమానత్వానికి విరుద్ధమంది.

ఇప్పుడు రాజకీయ వంత వచ్చి కథ ఆపాడనుకోండి. ఏమడుగుతాడు? "ఏమండీ పెద్దలూ, తేదీ గీత చెరిపినందుకు పండుగ చేసుకుంటున్నారు. మరి 2004 సెప్టెంబరు 1 అనే గీత మాటేమిటి?" అని అడుగుతాడు. ఆ తేదీ నుంచి మన రాష్ట్రంలో చేరినవారికి పాత పింఛను లేదు. జీతంలో పది శాతం కోసి మార్కెట్టు చేతిలో పెట్టే పథకం వారిది. కేంద్రంలో ఆ గీత 2004 జనవరి 1. చట్టం దృష్టిలో ఆ కేసూ ఈ విషయమూ ఒకటి కాకపోవచ్చు. న్యాయం దృష్టిలో ఎంత తేడా ఉందో మీరే చెప్పండి.

నేను రిటైరయ్యే ముందు మా సెక్షనులో చేరిన ఒక కుర్రవాడు, "సార్, నా జి.పి.ఎఫ్. నంబరు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. నీకు రాదు నాయనా అని చెప్పవలసిన పని నాకు పడింది. అదే బల్ల, అవే బిల్లులు, అదే పని. నాకు మాత్రం ఒకటో తారీఖున ఇంటి గడప దాటకుండానే పింఛను వస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తన ఉద్యోగులకు ఏకీకృత పథకం తెచ్చింది. పాతికేళ్ల సేవకు చివరి ఏడాది సగటు మూల వేతనంలో సగం ఇస్తామంది. కుర్రవాళ్లు నోరు విప్పి అడిగారు కనుక అంతవరకైనా కదిలింది. వాళ్లు ధర్నాలు చేస్తున్నప్పుడు మన సంఘం ఏం చేసిందో మినిట్సు పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. మన డి.ఆర్. బకాయిల తీర్మానాలు చాలా ఉన్నాయి. వాళ్ల గురించిన తీర్మానం నాకు కనపడలేదు.

అందుచేత సభ ముందు రెండు కోరికలు పెడుతున్నాను. ఒకటి, కొత్త పింఛను పథకంలోని ఉద్యోగులకు మన సంఘంలో సహసభ్యత్వం ఇవ్వాలి. ఫిక్సేషను లెక్కలు, సర్వీసు రిజిస్టరు తగాదాలు, నామినేషను పత్రాలు మనకు కంఠతా వచ్చు. నెలకు ఒక ఆదివారం వాళ్లకోసం కూర్చుందాం. రెండు, వచ్చే ఏడాది ఈ సభలో సన్మానాలు సగానికి తగ్గించి, ఆ డబ్బుతో ఒక బుర్రకథ దళాన్ని పిలుద్దాం. రాజకీయ వంతను మన పింఛను కథే చెప్పమందాం. అతను మనల్ని కూడా రెండు మాటలు అంటే పడదాం.

కార్యదర్శిగారు పెట్టిన షరతు ఎంతవరకు నిలబెట్టానో ఆయనే చెప్పాలి. పార్టీ పేరు మాత్రం ఎత్తలేదు. ఈ రెండు కోరికలనూ తీర్మానంగా చేపట్టవలసిందని అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.