ఇనుములో భాస్వరము



లోహముతో భాస్వరము కూడగా నేర్పడు పదార్థము ఫాస్ఫైడు. ఇనుప ఫాస్ఫైడునందు మూడు ఇనుప పరమాణువులకు ఒక భాస్వర పరమాణువుండును. అది మిక్కిలి గట్టిది, అంతకు మించి పెళుసైనది. స్వచ్ఛమైన ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీలకు గాని కరగదు. పోతయినుములో ఫాస్ఫైడు గల భాగమో, సుమారు 950 డిగ్రీలకే ద్రవించును. కావున పోత చల్లారునప్పుడు అన్నిటికంటె కడపట గడ్డకట్టి, కణముల నడుమ వలవలె అల్లుకొనును. దెబ్బ తగిలినచో పగులు ఆ వల వెంబడినే సాగును. అయినను అరుగుదలకు ఓర్చును గనుక రైలుబండ్ల బ్రేకు దిమ్మెల పోతలో భాస్వరమును కోరి యుంచుటయు కలదు.

ఉక్కునకు మాత్రము భాస్వరము శత్రువు. అది హెచ్చిన ఉక్కు చలికి పుటుక్కున విరుగును. 1856లో బెస్సెమరు ప్రకటించిన పద్ధతి ఇచ్చటనే తడబడెను. చిక్కు విడదీసినవాడు లండనులో పోలీసు కోర్టు గుమాస్తా, సిడ్నీ గిల్‌క్రిస్టు థామస్. (కచేరీ ఉద్యోగులు గర్వింపదగిన ముచ్చట!) సాయంకాలములు రసాయన శాస్త్రము చదివి, జ్ఞాతియైన పెర్సీ గిల్‌క్రిస్టు తోడుగా, కొలిమి లోపలి పూతను సున్నపు జాతికి మార్చి, సున్నము వేసి, భాస్వరమును చిట్టెములోనికి లాగెను. 1878లో ఆ సంగతి వెల్లడించెను. ఆ చిట్టెము పిదప పొలములకు ఎరువయ్యెను.

సున్నము వేయని ఇనుమునకు సాక్షి ఢిల్లీలోని మెహ్రౌలీ స్తంభము. కట్టెబొగ్గుతో తీసిన ఆ యినుములో భాస్వరము నూటికి సుమారు 0.25 పాలు నిలిచిపోయెను. ఆ భాస్వరమే తేమగాలి సోకి ఫాస్ఫేటు పొరగా మారి, పదునారు వందల యేండ్లుగా తుప్పును లోనికి దిగనీయకున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం 2000లో వివరించిరి.