పెద్దయ్యాక కూడా పాదం సైజు మారుతదా? మా అమ్మ చెప్పుల ముచ్చట

ఈ ఎపిసోడ్ స్టూడియోల కాదు, నారాయణఖేడ్‌ల మా ఇంటి అరుగు మీద కూసొని చేస్తున్నా. మధ్యల ట్రాక్టర్ సౌండ్ వస్తే జర అడ్జస్ట్ అవ్వండి.

ముందు ఒక చిన్న పని. మీ చెప్పో షూనో తిప్పి కింద ఉన్న నంబరు చూడండి. ఆ నంబరు మీకు ఎవరు చెప్పిండ్రు? చివరిసారి కాలు కొలిచి కొన్నది ఎప్పుడు? నాకైతే బీటెక్ ఫస్టియర్‌ల షాపాయన కొలిచి 8 అన్నడు. అప్పటి నుంచి ఆన్‌లైన్‌ల 8 కొట్టుడే. వర్క్ ఫ్రం హోంల 14 కిలోలు పెరిగిన, షూ బిగుతైంది, బొటనవేలి గోరు నల్లబడింది. షూ కంపెనీని తిట్టిన గానీ కాలు కొలుచుకోలే. కోడింగ్ భాషలో చెప్పాలంటే, మారే వాల్యూని కాన్‌స్టంట్ అని రాసిపెట్టుకున్న. ఇప్పుడు నాది 9.

నాది గోరుతో పోయింది. అమ్మది అట్ల పోలే.

పోయిన దసరాకు అమ్మకు వెనక బెల్టున్న సాండల్స్ కొన్న. నంబరు అడిగితే, "ఎప్పుడూ 5 నంబరే గద బిడ్డా" అన్నది. తొడుక్కొని చూసి, "మంచిగ పట్టినయి" అన్నది కూడా. పది రోజులైనంక అక్క వచ్చి చూస్తే, ఎడమ కాలు చిటికెన వేలు పక్కన పుండు. సాండల్ లోపల రక్తం మరక. "నొస్తలేదా అమ్మా?" అంటే, "ఏం నొస్తది, నాకు తెలవనే తెలవదు" అన్నది. అమ్మకు షుగర్ తొమ్మిదేండ్ల సంది ఉంది. పుండు కంటే ఆ "తెలవదు" అన్న మాటకే డాక్టర్ ఎక్కువ భయపడ్డడు.

దానికి మళ్లీ వస్తా. ముందు, పెద్దయ్యాక కాలు ఎట్ల పెరుగుతది? మన పాదంల 26 ఎముకలుంటయి, 33 కీళ్లుంటయి. టీనేజ్ అయిపోయే సరికి ఎముకల పెరుగుదల ఆగిపోతది, అది నిజమే. కానీ ఆ ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు, నరాలు అని మనం పిలుచుకునే టెండన్లు ఏండ్లు గడిచే కొద్దీ వదులైతయి. పాదం కింద కమాను లెక్క వంపు ఉంటది గద, అది కొద్దికొద్దిగా కిందికి దిగుతది. వంచిన బద్దను నేల మీద ఒత్తితే ఏమైతది? పొడుగు సాగుతది. పాదం కూడా అంతే, పొడుగూ అయితది, వెడల్పూ అయితది. బరువు పెరిగితే ఈ పని ఇంకా జల్ది అయితది.

అయితే ఎంత మారితే నంబరు మారుతది? మన దగ్గర నడిచేది బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన నంబర్లు. అండ్ల ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా ఇంచుల మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే చాలు, అర సైజు తేడా వచ్చినట్టే.

ఆడవాళ్లకు ఇంకో కారణం ఉంది, దీని గురించి మన ఇండ్లల్ల ఎవరూ మాట్లాడరు. కడుపుతో ఉన్నప్పుడు శరీరంల కీళ్లు వదులైతయి, బరువు పెరుగుతది. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ వాళ్లు 49 మంది ఆడవాళ్ల పాదాలను కడుపుతో ఉన్న మొదటి నెలల్ల ఒకసారి, కాన్పైన అయిదు నెలలకు ఇంకోసారి కొలిచి 2013లో ఆ వివరాలు బయటపెట్టిండ్రు. 60 నుంచి 70 శాతం మందికి పాదం పొడుగో వెడల్పో అయ్యింది. వాపు కాదు, వాపు తగ్గినంక కూడా కమాను మళ్లీ పైకి లేవలే. మార్పు ఎక్కువగా మొదటి కాన్పుకే కనిపించింది. మా అమ్మకు ముగ్గురం. పెండ్లికి ముందు 5 నంబరు, ముగ్గురు పిల్లలైనంక 5 నంబరు, ముప్పై ఏండ్లు పత్తి చేన్ల తిరిగినంక కూడా 5 నంబరే!

ఇంకోటి. ఆ బ్రిటిష్ నంబర్లు మన కాళ్లను చూసి చేసినవి కావు. చెన్నైల సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సీఎల్ఆర్ఐ అంటరు. వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంల 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను 3డీ స్కానింగ్ చేసిండ్రు. తేలింది ఏందంటే, యూరప్ వాళ్ల కంటే మన పాదాలు వెడల్పు. మరి వెడల్పు షూ దొరకక మనం ఏం చేస్తం? ఒక నంబరు పెద్దది కొంటం. అప్పుడు ముంగట ఖాళీ, లేసులు గట్టిగ బిగిస్తం. అందుకే మన కొలతలతోనే "భా" అని ఎనిమిది సైజుల కొత్త పద్ధతి తయారు చేసిండ్రు.

సరే, అమ్మ దగ్గరికి వద్దాం. డాక్టర్ అమ్మను కండ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిదాంతో పాదం మీద పది చోట్ల తాకిచ్చిండు. అమ్మ మూడు చోట్లనే "ఆ" అన్నది. మేం పక్కనే నిలబడ్డం, అక్క కండ్లల్ల నీళ్లు. షుగర్ చాన్నాళ్లుంటే కాళ్లల్ల నరాలు మొద్దుబారుతయి. పాదంల చిన్న కండరాలు బలహీనమై వేళ్లు వంకరపోతయి, ఆకారమే మారుతది. కాలు మారుతది, మారినట్టు చెప్పాల్సిన నొప్పి మాత్రం రాదు. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలుస్తలేదా?" అని ఆయన అడిగితే, "అవు సార్, అందుకే బిగుతుగ ఉన్నయే తీస్కుంట" అన్నది. బిగుతుగ ఉంటేనే కాలికి చెప్పు ఉన్నట్టు ఆమెకు తెలుస్తున్నది. "మంచిగ పట్టినయి" అంటే అర్థం అదన్నమాట. నాకు అప్పుడు సమజైంది.

1946ల వెల్లూరు సీఎంసీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల దగ్గర ఇదే చూసిండు. వేళ్లు వాటంతట అవే రాలుతలేవు, నొప్పి తెలియక పడ్డ దెబ్బల వల్ల పోతున్నయి అని చూపించిండు. వాళ్ల కోసం వాడిన మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులే ఇయ్యాల షుగర్ ఉన్నోళ్లకు కూడా రాస్తున్నరు.

ఇప్పుడు కొలుచుడు. సాయంత్రం పూట చేయండి, దినమంతా నడిచినంక కాలు జర ఉబ్బుతది. గోడకు ఆనిచ్చి కాగితం పెట్టి, మడమ గోడకు తగిలేటట్టు నిలబడాలె. కూసొని కాదు, బరువు పడితేనే అసలు పొడుగు వస్తది. పెన్ను నిటారుగ పట్టుకొని గీయాలె. బొటనవేలే పొడుగుండాలని లేదు, ఏ వేలు పొడుగుంటే దాని దాకా కొలవాలె. రెండు కాళ్లూ కొలవండి, పెద్ద కాలిదే మీ సైజు. షూ లోపల అంతకంటే ఒక సెంటీమీటర్ దాకా ఖాళీ ఉండాలె. షూ లోపలి అట్ట బయటికొస్తే తీసి దాని మీద నిలబడండి. పాదం పక్కలకు బయటికొచ్చిందంటే, నంబరు ఏదైనా అది మీ షూ కాదు.

నెమ్మదిగ మారితే షూ మార్చుకుంటే అయిపోతది. ఒక కాలే చదునైపోతున్నా, షూతో పాటు ఉంగరాలు కూడా బిగుతైతున్నా, ఊరికే ఉండొద్దు, డాక్టర్‌కు చూపెట్టండి. షుగర్ ఉన్నోళ్లకు పాదం ఎర్రగ, వేడిగ ఉబ్బి నొప్పి లేకపోతే, అది "నొప్పి లేదు గద" అనుకునేది కాదు, ఆ రోజే పోవాలె.

అమ్మ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కాగితం మీద కొలిస్తే కుడిది 24.1 సెంటీమీటర్లు, ఎడమది 24.6. పుండు పడ్డది ఎడమకే. ఇప్పుడు వెల్క్రో ఉన్న ఎంసీఆర్ చెప్పులు, 6 నంబరు, వెడల్పువి. "గివి ముసలోళ్ల చెప్పుల లెక్క ఉన్నయిరా" అని రోజుకొకసారి అంటది. పండుకునే ముందు నేనో అక్కో సెల్‌ఫోన్ లైటు పెట్టి ఆమె పాదాల కింద చూస్తం. అమ్మకు చక్కిలిగింత అయితలేదు, నాకు అదొక్కటే బాధ.

మీ ఇంట్ల ఎవరిదన్నా కొలిస్తే, పాత నంబరు, కొత్త నంబరు కింద కామెంట్‌ల పెట్టండి. ఉంట మరి.