తగ్గింపు ధరలు – ఊరి దుకాణము



ధర తక్కువయని వినిన చోటికి జనులు పోవుట క్రొత్త సంగతి కాదు. మన పెద్దలు వారమంతయు ఆగి అంగడినాడే మిరపకాయలు, ఉల్లిగడ్డలు కొనెడివారు. ప్రొద్దు వాలువరకు కాచుకొని బేరమాడువారును ఉండెడివారు. మిగిలిన కూరలను తిరిగి మోసికొనిపోవుటకంటె అయినకాడికి అమ్ముట మేలని అమ్ముకొనువాడు తలచు గడియ అది. కావున నేడు తగ్గింపు ధరల వెంట పట్టణమునకు పోవువారిని మేము నిందింపము. ఎందుకు పోవుచున్నారు, అందువలన ఊరికి ఏమగుచున్నది యని మాత్రము విచారింతము.

దుండిగల్ సంగతి చూడుడు. ఒకప్పుడది మన ఊళ్ళవంటి ఊరే. 1971 నుండి అచ్చట వైమానిక దళ అకాడమీ పనిచేయుచున్నది. పిమ్మట ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. 2018లో దుండిగల్ పురపాలక సంఘమైనది. నర్సాపూర్ దారిలోని పల్లెలవారు గండిమైసమ్మ కూడలి మీదుగా బాలానగర్, కూకట్‌పల్లి వైపు పోవుదురు. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు ఖర్చు లేదు. దీనితో లెక్కయే మారినది. పూర్వము ఇరువది రూపాయల లాభము కొరకు నలువది రూపాయలు చార్జీ పెట్టి ఎవరును పోరు. నేడు ఆ ఇరువదియు చేతికే మిగులును. దూరపు దుకాణము దగ్గరయైనది.

పెద్ద దుకాణములు ధర ఎట్లు తగ్గించుచున్నవి? 2002లో బొంబాయి పవాయిలో మొదటి దుకాణము తెరచిన డీమార్టు పద్ధతి ఇందుకు మంచి నిదర్శనము. సరుకు పెద్ద మొత్తములలో కొందురు. సరఫరాదారునకు డబ్బు త్వరగా చెల్లింతురు. అందుచేత అతడు ధర దించును. దుకాణము చాలవరకు సొంత కట్టడములో నుండును గనుక అద్దె భారము తక్కువ. మన కిరాణా వర్తకుడు బేగంబజారు నుండి చిన్న మొత్తములు, తరచు అరువు మీదనే తెచ్చుకొనును. అతని ధర రెండు రూపాయలు ఎక్కువయైనంతనే దురాశయని తలపరాదు.

అన్ని తగ్గింపులును ఒక జాతివి కావు. ఆషాఢమున పెండ్లిండ్లు ఉండవు. బట్టల వర్తకునకు గిరాకి పడిపోవును. శ్రావణమునకు ముందు నిలువ సరుకు వదలించుకొనవలెను. ఆ నెలలో అతడు ధర తగ్గించుటకు కారణము కంటికి కనబడుచున్నది. గాంధీ జయంతికి ఖాదీపై ఇచ్చు రిబేటు మరియొక విధము. నూలు వడుకువారి సరుకు అమ్ముడుపోవుటకై ఇచ్చునది అది. కాని పొట్లము మీద గరిష్ఠ ధర 200 అని అచ్చువేసి, దానిని కొట్టివేసి 120 అని వ్రాసిన తగ్గింపు మాట వేరు. ఆ గరిష్ఠ ధరను నిర్ణయించువాడు సరుకు తయారు చేయువాడే. అది దాటి అమ్మరాదని చట్టము చెప్పునుగాని, ఆ ధర న్యాయమైనదని చెప్పదు. కనుక సగము తగ్గించితిమన్న మాటవలన మనకు తెలియునది స్వల్పము.

పొట్లపు సరుకుల నిబంధనలను 2021లో సవరించి, గ్రామునకో కిలోకో ఎంత పడునో పొట్లము మీద చూపవలెనని విధించిరి. చూడవలసినది ఆ అంకెనే. 400 గ్రాముల పొట్లము 100 రూపాయలనుకొందము. కిలోకు 250 పడినది. ప్రక్కనే ‘భారీ తగ్గింపు’ అని వ్రాసిన కిలో పొట్లము 260 యున్నచో, పెద్దది కొన్నవారే నష్టపోయిరి. ఇట్టి మోసపు ప్రకటనలపై 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

ఇక మాకు ముఖ్యముగా తోచునది ఉద్దెర సంగతి. నెల జీతము గలవారు రొక్కముతో నెల సరుకు పట్టణమునుండి తెచ్చుకొందురు. కూలిపనికి పోవువారికి ఒకేసారి రెండువేలు ఎచ్చట దొరకును? పావుకిలో పప్పు, చిన్న పొట్లము నూనె, అదియు ఉద్దెరకే, ఊరి దుకాణమున కొందురు. రొక్కము పెట్టువారు తొలగి, ఉద్దెరవారే మిగిలిన వర్తకుని చేతిలో తిరుగు డబ్బు తరిగిపోవును. అతడు ధర పెంచవలెను, లేదా ఖాతా పుస్తకము మూసివేయవలెను. రెండును కూలివాని ఇంటిమీదనే పడును. కలిగినవారు పొందిన తగ్గింపులో కొంత లేనివారు చెల్లించుచున్నారన్నమాట. జ్వరము వచ్చి పనికి పోని వారమున బియ్యమిచ్చునది ఏ పెద్ద దుకాణము?

జనులను పట్టణమునకు పోవద్దని పంచాయతీ శాసింపలేదు, శాసింపనుకూడదు. ఊరిలో కొనుట లాభమగునట్లు కొంత చేయవచ్చును. మహిళా సంఘములు పప్పు, నూనె, సబ్బులు కలసి మొత్తముగా తెప్పించిన, పెద్ద దుకాణమునకు దొరకు ధరలో కొంతైనను మనకు దొరకును. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులలో నాటి ధరలు పలకమీద వ్రాయుదురు; మన అంగడిలోను అట్టి పలక పెట్టుటకు పెద్ద ఖర్చు లేదు. ఎలెక్ట్రానిక్ త్రాసులకు ఏటేటా ముద్ర వేయించిరా యని అడుగుట సభ్యుల పనియే. తూకము మీద నమ్మకము లేని అంగడికి ఎవరును రారు.

అంగడి వేళయు ఆలోచింపదగినది. మధ్యాహ్నము మూడింటికే ముగియు అంగడికి కూలికి పోయినవారు రాలేరు. దీపములు పెట్టించి రాత్రి ఎనిమిది వరకు సాగనిచ్చిన వారి కొనుగోలు ఊరిలోనే నిలుచును. తైబజారు విషయమును చూడుడు. ఒక గంప కూరగాయలు తెచ్చిన రైతుస్త్రీకిని, ఆటోనిండ సరుకు తెచ్చిన వర్తకునకును ఒకే రుసుము వసూలగు ఊళ్ళు ఉన్నచో, ఆ రేటును రాబోవు వేలమునకు ముందే సభ తీర్మానము చేసి మార్చుకొనవచ్చును.