తుపాకీ హక్కు ఎవరిది? ఏ సంస్థకు చేయూతనిద్దాం?

(చెన్నైలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



చెన్నైలో కూర్చుని తుపాకుల గురించి మాట్లాడుకోవడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళలో కూరగాయల కత్తిని మించిన ఆయుధం లేదు. కానీ మనలో చాలా కుటుంబాలవారికి అమెరికాలో ఒక కొడుకో, కూతురో, మేనల్లుడో ఉన్నారు. అక్కడ తుపాకీ కొనుక్కోవాలా, ఫలానా సంస్థలో చేరమంటున్నారు, చేరవచ్చా అని వాళ్ళు అడుగుతున్నారు. ఇక్కడున్న మన పిల్లలేమో దళితులకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్న మాట ఫోన్లలో చూసి, నిజమే కదా అంటున్నారు. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చివరి వచనాలను మన సంఘాలలో పెద్దగా ప్రసంగించరు. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి అన్నవాడు లేకుండా ఫిలిష్తీయులు చూసుకున్నారు. నాగటి కర్రుకు పదును కావాలన్నా శత్రువు దగ్గరకే వెళ్ళాలి, డబ్బిచ్చి పెట్టించుకోవాలి. తీరా యుద్ధం వచ్చేసరికి రాజు దగ్గర, రాజు కొడుకు దగ్గర తప్ప ఇంకెవరి చేతిలోనూ కత్తి లేదు. 1878 ఆయుధాల చట్టం మన దేశంలో చేసినది ఇదే. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టకూడదు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరులకు ఉండాలని రాశారు.

అయితే స్వాతంత్ర్యం వచ్చాక కథ మారింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అలా రాసేస్తే నేరస్థులకూ అదే హక్కు వస్తుందన్నారు. సవరణ వీగిపోయింది. దళితుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఎందుకు వద్దన్నారో మన యువకులు ఒకసారి ఆలోచించాలి. పల్లెలో అందరికీ తుపాకీ హక్కు అంటే, ముందు కొనేది ఎవరు? కూలివాడా, భూస్వామా?

ఆ ప్రశ్నకు 20 ఏళ్ళకు మన తమిళనాడులోనే జవాబు దొరికింది. 1968 డిసెంబరు 25 రాత్రి, మనం క్రిస్మస్ జరుపుకునే రాత్రి, అప్పటి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల మీదికి భూస్వాముల మనుషులు తుపాకులతో వచ్చారు. గుడిసెలో తలదాచుకున్న 44 మందిని తగులబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. భూస్వాములకూ ఒక సంఘం ఉండేది, వరి పండించేవారి సంఘమని పేరు. అధ్యక్షుడు గోపాలకృష్ణ నాయుడు. అది తెలుగు పేరేనని మీరు గుర్తుపట్టే ఉంటారు. ఆయనను హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఈనాటికీ తుపాకీ హక్కు పుట్టుకను చూస్తుంది. పక్కనున్న కొడగులో కొడవులకు, జమ్మా భూములున్నవారికి బ్రిటిషువారి కాలం నుంచి లైసెన్సు అక్కరలేదు. ఆ మినహాయింపును 2029 వరకూ పొడిగించారు. మరి బస్టాండులలో పూసలు అమ్మే నరికురవలను చూడండి. నాటు తుపాకీతో వేటాడి బతికిన జాతి. 1972 వన్యప్రాణుల చట్టం తరవాత వేట నేరమైంది. వాళ్ళ తరఫున ఎవరు మాట్లాడారు?

మన దేశంలోనూ ‘నేషనల్ అసోసియేషన్ ఫర్ గన్ రైట్స్ ఇండియా’ అనే సంస్థ ఉంది. లైసెన్సు విధానం వలస పాలన వాసన కొడుతోందని దాని వాదన. అందులో నిజం లేకపోలేదు. పలుకుబడి ఉన్నవాడికే లైసెన్సు దొరుకుతుందన్న మాట మనకూ తెలుసు. 2019లో ఒక్కొక్కరికి మూడు ఆయుధాల నుంచి రెండుకు తగ్గిస్తూ చట్టాన్ని సవరించినప్పుడు కూడా గొడవంతా ఇప్పటికే మూడు ఉన్నవారి గురించే. ఒక్కటీ లేనివారి ఊసు లేదు.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు 1995లో వచ్చాయి. వాటిలో 3వ నియమాన్ని వరసగా చదవండి. అత్యాచారాలు జరిగే ప్రాంతమని గుర్తించిన చోట ముందు ఎస్సీ, ఎస్టీలు కానివారి లైసెన్సులు రద్దుచేసి ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. తరవాత దొంగ తుపాకులను స్వాధీనం చేసుకోవాలి. ఆ తరవాతే, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. ఫోన్లలో తిరిగేది ఈ మూడో ముక్క ఒక్కటే. మొదటి రెండూ ఎవరికీ పట్టవు. మా దృష్టిలో ఈ వరసలోనే న్యాయం ఉంది: కొట్టేవాడి చేతిలోది ముందు తీసుకోవాలి.

కారంచేడులో 1985 జులై 17న ఆరుగురిని, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఒక్కొక్కరి ఇంట్లో ఒక తుపాకీ ఉంటే ఏమయ్యేది? ఊరు ఊరంతా కదిలి వచ్చినప్పుడు ఒక తుపాకీ ఎంతమందిని ఆపుతుంది? పైగా మర్నాడు ముద్దాయి అయ్యేది ఆ తుపాకీ పేల్చిన దళితుడే. అక్కడ మనవాళ్ళను నిలబెట్టింది దళిత మహాసభ, కత్తి పద్మారావు గారు, బొజ్జా తారకం గారి వంటివారి పని. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, అదీ నిజమే. కోర్టు దారి నున్నగా ఉందని మేము చెప్పడంలేదు.

మనకు ఇంకొక మెలిక ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. మతం మారినవారు ఈ చట్టాన్ని వాడుకోలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక పాస్టరు గారి కేసులో చెప్పింది. అంటే పైన చెప్పిన 3వ నియమం రక్షణ మన పేటకు వర్తించదు. ఇది వదిలేసి తుపాకీ హక్కు గురించి కేకలు వేయడం, కూడు లేనివాడు ఊరగాయ కోసం తగవులాడినట్టే.

ఇక అమెరికా. అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1871లో పుట్టింది. 1967లో కాలిఫోర్నియాలో నల్లజాతి బ్లాక్ పాంథర్లు గుండ్లు నింపిన తుపాకులతో బహిరంగంగా తిరుగుతుంటే, దాన్ని నిషేధిస్తూ తెచ్చిన ముల్‌ఫోర్డ్ చట్టాన్ని ఈ సంస్థే సమర్థించింది. 2016 జులైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడు, బడి వంటశాలలో పనిచేసేవాడు, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకు ముందే చెప్పాడు. దానికి లైసెన్సూ ఉంది. అయినా కాల్చి చంపారు. సంస్థ ఇచ్చిన ప్రకటనలో ఆయన పేరైనా లేదు. 2024లో న్యూయార్క్ జ్యూరీ, ఆ సంస్థను ఏళ్ళ తరబడి నడిపిన వేన్ లాపియెర్ సంస్థ సొమ్మును దుర్వినియోగం చేశాడని తేల్చి 40 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టమంది. సభ్యుల చందా అది. అలాంటి చోట మన పిల్లల డాలరు పడకూడదని మా అభిప్రాయం.

అన్నీ ఒక్కలాంటివని కూడా అనం. 1964లో లూసియానాలో ‘డీకన్స్ ఫర్ డిఫెన్స్ అండ్ జస్టిస్’ అని నల్లజాతివారు ఏర్పడ్డారు. పేరులోనే సంఘ పెద్దలు కనిపిస్తారు. పౌరహక్కుల కార్యకర్తల ఇళ్ళకు రాత్రిపూట తుపాకులతో కాపలా కాశారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత మనకు లేదు. ఇప్పుడున్న ‘నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ గన్ అసోసియేషన్’ 2015లో మొదలైంది. అందులో చేరడమా మానడమా అన్నది అక్కడి నల్లజాతివారు తేల్చుకోవలసిన విషయం.

మన పిల్లలతో మాత్రం సూటిగా చెప్పండి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చినవాడు, మా దేశం విడిచి పొమ్మని అరిచాడు. వాడిని ఆపబోయి గుండు తగిలించుకున్న ఇయాన్ గ్రిలట్ చేతిలో ఏ ఆయుధమూ లేదు. శ్రీనివాస్ భార్య సునయన గారు తుపాకీ పట్టలేదు, వలస వచ్చినవారికి తోడుగా ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే సంస్థ పెట్టారు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని అక్కడి పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెప్పాయి. అప్పు భారంతో, ఒంటరి గదిలో, ఉద్యోగం దొరకని పిల్లవాడి పక్కన తుపాకీ ఉండాలని ఏ తల్లి కోరుకుంటుంది?

లూకా 22లో శిష్యులు రెండు కత్తులు చూపిస్తే ప్రభువు చాలునన్నాడు. ఆ రాత్రే ఒకటి బయటికి తీశారు, తెగింది దాసుడైన మల్కు చెవి. అక్కడ ఉన్నవారిలో అందరికన్నా చిన్నవాడు. చందా పుస్తకం పట్టుకుని ఏ సంస్థ వచ్చినా మేము ఇదే చూస్తాం: వీళ్ళ కత్తికి తెగేది ఎవరి చెవి?

ఇక్కడ మన రూపాయి మదురైలోని పీపుల్స్ వాచ్, ఎవిడెన్స్ వంటి హక్కుల సంస్థలకు, దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా కోసం పనిచేసేవారికి వెళ్ళాలని మా సలహా. దానికన్నా చవకైన పని ఇంకొకటి ఉంది. 3వ నియమం కింద మీ జిల్లాలో ఇప్పటివరకూ ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి, ఎన్ని ఆయుధాలు జమ అయ్యాయి అని సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు ఆఫీసును అడగవచ్చు. పది రూపాయల ఖర్చు. దరఖాస్తు నమూనా తెలుగులోనూ తమిళంలోనూ రాసి ద్వారం దగ్గర బల్ల మీద ఉంచాం. సొంత ఊరు ప్రకాశమైనా, గుంటూరైనా, చిత్తూరైనా, ఆ జిల్లా పేరు నింపి పోస్టు చేయండి. జవాబు వచ్చినవారు తరవాతి కూడికకు తెండి, కలిసి చదువుదాం.