పిల్లల చేతికి అప్పగించండి

(రేడియోలో ప్రసారమైన సందేశము)

 

మీ దగ్గర బైబిలు ఉంటే యోహాను సువార్త 21వ అధ్యాయము తెరవండి. 9, 10 వచనములు చూడండి. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున ఉన్నాడు. రాత్రంతా వలలతో అలసిపోయిన శిష్యులు ఒడ్డుకు వచ్చారు. అక్కడ అప్పటికే బొగ్గుల నిప్పు ఉంది. దానిమీద చేప ఉంది, రొట్టె కూడా ఉంది. అయినా ప్రభువు, వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని అడిగాడు.

గమనించారా? ఆయన దగ్గర చేప లేక అడిగాడా? కాదు. ఆ శిష్యుల వల నిండింది కూడా ఆయన మాటవల్లనే. అయినా అడిగాడు. తాను వండిన దానితోపాటు తనవారి కష్టానికి కూడా ఆ పొయ్యిమీద చోటిచ్చాడు.

ప్రియులారా, ఈ వాక్యభాగము ఒక స్కౌట్ క్యాంపులో నాకు మరింత స్పష్టముగా కనబడింది. నేను ఉద్యోగము చేసుకొంటూ, సెలవు దినములలో జీతము లేకుండా స్కౌట్ పిల్లలకు నాయకునిగా పనిచేస్తాను. స్కౌట్ ఉద్యమము ఎలా మొదలైందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే సైనికాధికారి ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సుమారు 20 మంది బాలురతో క్యాంపు పెట్టాడు. కలిగినవారి పిల్లలు, కష్టజీవుల పిల్లలు అక్కడ ఒకే గుడారములలో పడుకొన్నారు. ఆయన వారిని 4 జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టుకు ఆ పిల్లలలోనే ఒకనిని నాయకునిగా పెట్టాడు. ఈ చిన్న జట్ల పద్ధతి నేటికీ స్కౌట్లకు ప్రాణము. మన దేశములో 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

కొంతకాలము క్రిందట వానల రోజులలో, రెండవ శనివారము సెలవు చూసుకొని, కొండపల్లి కొండల దగ్గర ఒక మామిడితోటలో క్యాంపు పెట్టాము. కొండపల్లి బొమ్మలకు పొణికి కర్రనిచ్చిన కొండలవి. శుక్రవారము సాయంత్రము వెళ్ళి ఆదివారము తిరిగి రావాలి. పిల్లలు 24 మంది, 3 జట్లు. పెద్దవారము ముగ్గురము. హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలు, మన సంఘముల పిల్లలు అందరూ ఉన్నారు.

కొన్ని పనులు పెద్దవారమే ఉంచుకొన్నాము. చెరువు వైపు పెద్దలు లేకుండా ఎవరూ వెళ్ళకూడదు. రాత్రి తలలు లెక్కపెట్టడము మా పని. మందుల పెట్టె మా దగ్గరే ఉంటుంది. ఏ పెద్దవాడూ ఒక పిల్లవానితో ఒంటరిగా గుడారములో ఉండకూడదు. ఇవి పిల్లల భద్రతకు సంబంధించినవి, వీటిని వారి మీద వేయకూడదు. మిగిలినవన్నీ వారికే అప్పగించాము. గుడారము వేయడము, చుట్టూ కాలువ తీయడము, నీళ్ళు తేవడము, వంట, గిన్నెలు తోమడము, తగవులు తీర్చుకోవడము అన్నీ వారివే.

శనివారము మధ్యాహ్నము పెద్ద వాన కురిసింది. రెండు జట్లు కట్టెల మీద టార్పాలిన్ పట్టా కప్పుకొన్నాయి. మూడవ జట్టు కప్పలేదు. రాత్రి 7 గంటలకు రెండు పొయ్యిలు మండుతున్నాయి. మూడవదానిలో పొగ తప్ప మంట లేదు. పిల్లలు కళ్ళు నులుముకొంటూ ఊదుతున్నారు. వారిలో చిన్నవానికి 10 ఏళ్ళు. "అన్నా, ఆకలేస్తోంది" అంటున్నాడు. ఆ జట్టు నాయకునికి 13 ఏళ్ళు. వాడు మా వైపు చూడలేదు, తల వంచుకొని ఊదుతూనే ఉన్నాడు.

మా గుడారములో కిరోసిన్ స్టవ్ ఉంది. రెండు నిమిషములలో వెలిగించవచ్చును. నా మనసంతా ఆ స్టవ్ మీదే ఉంది. ఆకలిగొన్న పిల్లలను చూస్తూ కూర్చోవడము సులభము కాదు. పిల్లవాడు నేర్చుకోవడము ముఖ్యమే, కాని పసివాని కడుపుతో పాఠము చెప్పవచ్చునా? ముగ్గురము మెల్లగా మాట్లాడుకొని ఒక గడువు పెట్టుకొన్నాము. 9 గంటలవరకు చూద్దాము, ఆపైన మనమే వండి పెడదాము అనుకొన్నాము. చిన్నవానికి మాత్రము అప్పుడే రెండు అరటిపండ్లు ఇచ్చాము.

కొంతసేపటికి ఆ నాయకుడు లేచాడు. ఇద్దరిని ప్రక్క జట్టు దగ్గరకు నిప్పు అడగడానికి పంపాడు. మన పల్లెలలో ఒకప్పుడు ప్రక్క ఇంటినుండి నిప్పు తెచ్చుకొనేవారు కదా, అలాగే. తాను ఒక లావు మొద్దును నిలువునా చీల్చాడు. పైన తడిసిన కట్టె కూడా లోపల పొడిగా ఉంటుంది. ఆ పొడి పేళ్ళను సన్నగా చీల్చి నిప్పుమీద పేర్చాడు. ప్రక్క జట్టువారు నిప్పు ఇచ్చి ఊరుకోలేదు, తామే వచ్చి పళ్ళెములతో విసిరారు. 8 గంటల 40 నిమిషములకు మంట లేచింది. అన్నము కొంచెము పలుకుగా ఉంది, పప్పు నీళ్ళగా ఉంది. మొదట చిన్నవానికి వడ్డించారు.

తిన్న తరువాత ఆ నాయకుడు నా దగ్గరకు వచ్చాడు. మెచ్చుకోలు కోసము వచ్చాడేమో అనుకొన్నాను. వాడు అడిగింది వేరు. "సార్, రేపటి కట్టెలు మీ గుడారములో పెట్టుకోవచ్చా?" అన్నాడు. మేము 7 గంటలకే స్టవ్ వెలిగించి ఉంటే వానికి ఈ ప్రశ్న వచ్చేది కాదు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన సంఘములలో ఒక మాట తరచుగా వింటాము. "యౌవనస్థులు రావడము లేదండి, వచ్చినా నిలబడడము లేదండి" అంటాము. వారి చేతికి మనము ఏమి ఇచ్చాము? క్రిస్మసుకు ఒక పాట, కూటములకు కుర్చీలు మోయడము. అంతేనా? వారికి ఆలస్యమవుతుందని మనమే చేస్తాము, పాడుచేస్తారని మనమే చేస్తాము. ఇరవై ఏళ్ళు గడిచిన తరువాత, బాధ్యత తీసికొనేవారు లేరని బాధపడతాము.

మార్కు సువార్త 6వ అధ్యాయము చూడండి. ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపాడు. వారికి అన్నీ తెలిసేవరకు ఆగలేదు. అయితే పంపి మరచిపోలేదు. వారు తిరిగి వచ్చి చేసినదంతా చెప్పినప్పుడు విన్నాడు, ఏకాంతముగా విశ్రాంతికి పిలిచాడు. అప్పగించుట వేరు, వదిలివేయుట వేరు. అప్పగించినవాడు కనుచూపు మేరలోనే ఉంటాడు.

కాబట్టి ఈ వారము మీ ఇంటిలో, మీ సంఘములో ఒక నిజమైన పనిని ఒక పిల్లవానికో ఆడపిల్లకో అప్పగించండి. ఒక గృహ ప్రార్థన ఏర్పాటు కావచ్చు. పెద్దలు ఇద్దరు ప్రక్కన ఉండగా సండేస్కూలు కానుకల లెక్క కావచ్చు. పెద్దవారితో కలిసి వెళ్ళి, మంచమున పడియున్న ఒక విధవరాలికి వాక్యము చదివి వినిపించడము కావచ్చు. చెప్పవలసినది ముందే చెప్పండి, గడువు పెట్టండి, దగ్గరలో ఉండండి. కొంచెము పలుకైన అన్నము తినడానికి కూడా సిద్ధపడండి.

మన చేతిలోని కొద్దిపాటి చేపలను కూడా తన నిప్పుమీద ఉంచుకొనే ప్రభువు, మన పిల్లల చేతులను తన పనికి బలపరచును గాక. వారికి చోటిచ్చే మనస్సును, దగ్గర నిలిచి కనిపెట్టే ఓర్పును పెద్దలమైన మనకు దయచేయును గాక. ఆమేన్.